తొలినాటి రియాక్టరు ప్రమాదములు: తెలిసినది, తెలియనిది

ఒక గ్రామములో గడ్డివామి తగులబడినదనుకొందము. మరునాడు ఊరివారందరును అచట చేరుదురు. ఎట్లు తగులబడినదని అడిగినచో సమాధానము కష్టము కాదు. లాంతరు పడినది, నూనె చిందినది, ఎండుగడ్డి అంటుకొన్నది. బూడిదలో దొరకిన లాంతరే అందుకు సాక్ష్యము. కాని ఆ లాంతరు ఎందుకు పడినది? పాలేరు కునుకుపాటున చేయి జారవిడిచెనా? ఎద్దు కాలు తగిలెనా? గిట్టనివాడెవడైన కావలెనని విసరెనా? ఈ ప్రశ్నకు బూడిద సమాధానము చెప్పదు. పాలేరు బ్రతికియున్నచో అతనిని అడుగవచ్చును. అతడును మంటలో పోయినచో, ఊరు తనకు తోచినది చెప్పుకొనును. పదిమార్లు చెప్పుకొన్న తరువాత అదియే నిజమని నమ్మును.

అణుశక్తి చరిత్రలోని తొలినాటి ప్రమాదములను పరిశీలించినపుడు ఈ రెండు ప్రశ్నలును మాకు వేరువేరుగా కనబడినవి. ‘ఎట్లు’ అను ప్రశ్నకు లోహమును, నీటిని, చేతిగడియారపు పట్టీని సైతము పరీక్షించి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యము కలిగించునంతటి నిశ్చయముతో సమాధానము చెప్పగలిగిరి. ‘ఎందుకు’ అను ప్రశ్నవద్ద మాత్రము వారు పలుమార్లు ఆగిపోయిరి. వారు ఆగిన చోట మిగిలిన ఖాళీని ఎవరెవరు దేనితో నింపిరి అను విషయమును ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా రియాక్టరు పనిచేయు తీరును క్లుప్తముగా చెప్పుకొందము. యురేనియం పరమాణువును ఒక న్యూట్రాను తాకినపుడు అది చీలి, వేడిమిని, దానితోబాటు మఱి రెండు మూడు న్యూట్రానులను వెలువరించును. ఆ న్యూట్రానులు ఇతర పరమాణువులను చీల్చును. ఇట్లు సాగిపోవు గొలుసు చర్యను అదుపులో నుంచుటకు, న్యూట్రానులను పీల్చివేయు కాడ్మియము, బోరాను వంటి పదార్థములతో చేసిన కడ్డీలను ఇంధనము నడుమ దించియుంచుదురు. కడ్డీని పైకెత్తినచో చర్య హెచ్చును, దించినచో తగ్గును. 1942 డిసెంబరు 2వ తేదీన చికాగో నగరములో ఎన్రికో ఫెర్మీ బృందమువారు తొలిసారిగా ఈ చర్యను నడిపి, మరల ఆపి చూపించిరి.

ఇంకొక విషయము కూడ గుర్తుంచుకొనవలెను. చీలికవలన పుట్టు న్యూట్రానులలో నూటికి ఒకటికంటెను తక్కువ భాగము కొంత ఆలస్యముగా వెలువడును. ఆ స్వల్పభాగము చేయు ఆలస్యమే మనుష్యుని చేతికిని, యంత్రమునకును వ్యవధి నిచ్చుచున్నది. వాటి అవసరము లేకయే చర్య సాగిపోవు స్థితి వచ్చినచో, సెకనులో కొన్ని వేయవవంతుల కాలములోనే శక్తి ఎన్నో రెట్లు పెరిగిపోవును. అప్పుడు మనుష్యుని చేయి కదలుటకే కాలము చాలదు.

తొలి పెద్ద ప్రమాదములలో ఒకటి కెనడాలోని చాక్ రివర్ అనుచోట 1952 డిసెంబరు 12వ తేదీన జరిగెను. అచటి ఎన్.ఆర్.ఎక్స్. రియాక్టరు క్రింది అంతస్తులో పనిచేయు ఒక ఉద్యోగి పొరపాటున కొన్ని కవాటములను త్రిప్పగా కడ్డీలు కొన్ని పైకి లేచినవి. పైనున్న అధికారి ఎఱ్ఱదీపములను చూచి, తానే క్రిందికి దిగిపోయి ఆ కవాటములను సరిచేసెను. కాని కడ్డీలన్నియు పూర్తిగా దిగలేదు. అది తెలియక అతడు టెలిఫోనులో పైనున్న సహాయకునితో ఫలానా రెండు మీటలను నొక్కుమనెను. చెప్పదలచిన అంకె ఒకటి, నోట వచ్చినది వేరొకటి. తప్పు తోచి మరల కేకవేయునప్పటికి, సహాయకుడు రెండు మీటలను ఒక్కసారిగా నొక్కుటకై ఫోను క్రింద పెట్టి వెళ్లియుండెను. శక్తి పెరిగినది, ఇంధనము కొంత కరగినది, దాదాపు 40 లక్షల లీటర్ల కలుషితజలము నేలమాళిగలో నిండినది. ఎవరును మరణింపలేదు. శుభ్రము చేయుటకు వచ్చిన అమెరికా నావికాదళమువారిలో తరువాతికాలమున ఆ దేశాధ్యక్షుడైన జిమ్మీ కార్టరు ఒకడు. మన దేశమున ట్రాంబేలో కెనడా సహాయముతో నిర్మింపబడి, 1960 జూలైలో పని ప్రారంభించి, 2010 డిసెంబరు 31న మూతపడిన సైరస్ రియాక్టరు ఈ ఎన్.ఆర్.ఎక్స్. నమూనాపై కట్టినదే.

చాక్ రివర్‌లో ఆ టెలిఫోను సంగతి మనకెట్లు తెలిసినది? మాట తప్పినవాడును, మాట విన్నవాడును ఇద్దరును బ్రతికియుండి, జరిగినది దాచక చెప్పుటవలన తెలిసినది. కరగిన లోహమును ఎంత పరీక్షించినను టెలిఫోనులోని తప్పుమాట దొరకెడిది కాదు.

మనుష్యుని మాటకంటె యంత్రపు స్వభావమే చిక్కుముడియైన ఉదాహరణములు రెండు కలవు. మొదటిది అమెరికాలోని ఐడహో రాష్ట్రమున, ఎడారివంటి మైదానములో, రియాక్టరుల పరీక్షలకై ఏర్పడిన కేంద్రమున జరిగెను. అచటి ఇ.బి.ఆర్.-1 అను చిన్న రియాక్టరు 1951 డిసెంబరు 20వ తేదీన అణుశక్తితో నాలుగు విద్యుద్దీపములను వెలిగించి ప్రసిద్ధి కెక్కినది. దానిలో ఒక వింత లక్షణము కనబడెను. కొన్ని పరిస్థితులలో వేడిమి పెరిగినకొలది శక్తి తగ్గుటకు మారుగా ఇంకను పెరుగుచుండెను. ఇది ఎందువలననో కనుగొనుటకై 1955 నవంబరు 29వ తేదీన, చల్లబరచు ద్రవలోహపు ప్రవాహమును కావలెననియే ఆపి శక్తిని పెంచిరి. తక్షణమే ఆపవలసిన సమయమున ఉద్యోగి వేగముగా ఆపు మీటను వదలి, నెమ్మదిగా ఆపు మీటను నొక్కెను. కొలది సెకన్ల ఆలస్యము జరిగినది. ఆ లోపుననే కాల్చెండంత యుండు ఇంధనగర్భములో సుమారు సగము కరగిపోయెను.

మీట తప్పుగా నొక్కుటతో కథ ముగిసినదని చెప్పి ఊరకుండవచ్చును. కాని అచటి శాస్త్రజ్ఞులు ఊరకుండలేదు. ఉద్యోగి నొక్కిన మీట ఏదైనను, వేడితో శక్తి పెరుగు గుణము యంత్రములో ముందే యున్నది గదా! దానికి కారణమేమి? ఇంధనకడ్డీకి లోపలివైపు వేడి ఎక్కువ, వెలుపలివైపు తక్కువ. ఎక్కువ వేడెక్కిన వైపు ఎక్కువ సాగును గనుక కడ్డీ విల్లువలె లోపలికి వంగును. కడ్డీలన్నియు లోపలికి వంగి దగ్గరయినచో గొలుసు చర్య హెచ్చును. ఇది ఊహ. ఈ ఊహను నిలబెట్టుటకు కడ్డీలు వంగకుండ బిగించిన క్రొత్త ఇంధనగర్భమును తయారుచేసి, మరల పరీక్షలు జరిపిరి. ఆ వింతగుణము మాయమయ్యెను. ఇంతటి శ్రమ పడిన తరువాతనే కారణము తెలిసినదని వారు ప్రకటించిరి.

రెండవ ఉదాహరణము మిచిగన్ రాష్ట్రములో ఈరీ సరస్సు తీరమున, డిట్రాయిట్ నగరమునకు దాపున జరిగినది. ఎన్రికో ఫెర్మీ పేరు పెట్టిన ఆ రియాక్టరులో 1966 అక్టోబరు 5వ తేదీన శక్తిని మెల్లమెల్లగా పెంచుచుండగా ప్రమాదసూచనలు మ్రోగినవి. రియాక్టరును ఆపివేసిరి. రెండు ఇంధనపు కట్టలలో కొంత భాగము కరగినదని తరువాత తెలిసినది. ఎందుకు? దానిని చల్లబరచునది ద్రవరూపములోనున్న సోడియము; అద్దమువలె తళతళలాడును గాని దాని లోపలికి చూపు ప్రసరింపదు. సోడియమును తోడివేసి, పొడవైన గొట్టపు దుర్బిణులతో అడుగుభాగమును వెదకిరి. నెలలు గడచిన తరువాత, ఎవరో త్రాగి నలిపి పారవేసిన డబ్బావంటి వస్తువొకటి కనబడినది. అది డబ్బా కాదు; జిర్కోనియం లోహపు రేకు. అట్టి రేకులు కొన్నిటిని నిర్మాణము చివరి దశలో, రక్షణ నిమిత్తమే, అడుగున అదనముగా అమర్చియుండిరి. కట్టడము పూర్తియైనపుడు ఉంచుకొన్న నమూనాపటములలో వాటి జాడయే లేదు! సోడియపు వడికి ఒక రేకు ఊడి, ఇంధనపు కట్టల ముఖద్వారమును మూసివేసెను. రక్షణకై పెట్టినదే ప్రమాదమును తెచ్చినది. ఆ రేకు చేతికి దొరకియుండనిచో, పటములు చూచి ఎవరును ఈ కారణమును ఊహించియుండెడివారు కారు.

ఇంతవరకు చెప్పిన మూడు సందర్భములలోను సత్యము దొరకినది. ఒకచోట మనుష్యుల మాటవలన, ఒకచోట ప్రయోగమువలన, ఒకచోట వస్తువువలన దొరకినది. మాట వినబడక, కాగితము బయటికి రాక, వస్తువు మాత్రమే మిగిలినపుడు ఏమగును? ఇప్పుడు చెప్పబోవు రెండు ప్రమాదములు అట్టివి.

ఇంగ్లండు వాయవ్యతీరమున విండ్‌స్కేల్ అనుచోట అణ్వస్త్రములకు కావలసిన ప్లుటోనియమును తయారుచేయుటకై రెండు పెద్ద రియాక్టరులను కట్టిరి. గ్రాఫైటు దిమ్మెలను పేర్చి, వాటి నడుమ తొలచిన సొరంగములలో యురేనియం గొట్టములనుంచి, పెద్ద పంకాలతో గాలి తోలి చల్లబరచెడివారు. వేడిగాలి ఎత్తైన పొగగొట్టముల గుండ బయటికి పోయెడిది. న్యూట్రానుల తాకిడికి గ్రాఫైటులోని కర్బన పరమాణువులు స్థానము తప్పి, కొంత శక్తిని లోపల దాచుకొనును. దానిని అప్పుడప్పుడు రియాక్టరును కొంచెముగా వేడిచేసి విడిపింపవలెను. అంతకుముందు ఎనిమిదిమార్లు ఈ పని చేసియుండిరి. తొమ్మిదవసారి 1957 అక్టోబరు 7వ తేదీన ప్రారంభించిరి. మరునాటి ఉదయము ఉష్ణమాపకములు వేడి తగ్గుచున్నట్లు చూపగా, రెండవసారి వేడి పెట్టిరి. ఆ మాపకములు మామూలుగా పనిచేయునపుడు వేడి హెచ్చుగానుండు చోట్ల అమర్చినవి. ఈ ప్రత్యేకకార్యమునందు మిక్కిలి వేడెక్కు చోట్లు వేరు. 10వ తేదీన పొగగొట్టమునందు రేడియోధార్మికత హెచ్చుటచూచి, ఒక మూత తీసి చూడగా సొరంగములు ఎఱ్ఱగా మండుచుండెను. చివరకు 11వ తేదీన నీటిని వదలి, గాలిని మూసివేసి మంటను ఆర్పిరి. చుట్టునున్న దాదాపు 500 చదరపు కిలోమీటర్ల ప్రదేశములోని పాలను కొన్ని వారములపాటు పారబోయవలసి వచ్చెను. పొగగొట్టము పైన వడపోతలుంచవలెనని పట్టుబట్టిన సర్ జాన్ కాక్‌క్రాఫ్టును ఎగతాళి చేసినవారు ఆ తరువాత మాటాడలేదు.

సర్ విలియం పెన్నీ అధ్యక్షతన విచారణసంఘము కూర్చుండి, అక్టోబరు 26వ తేదీకి నివేదికను ముగించెను. రెండవసారి వేడిపెట్టుట తొందరపాటనియు, అదియే ముఖ్యకారణమనియు సంఘము తలచినది. అదే నివేదిక, మాపకములు చాలవనియు, ఈ పనికి తగిన విపులమైన నియమావళి ఉద్యోగుల చేతికి ఇవ్వబడలేదనియు కూడ చూపినది. కాని ప్రధానమంత్రి మాక్‌మిలన్ ఆ నివేదికను ప్రకటింపనీయలేదు. అణురహస్యములను పంచుకొనుటకు అమెరికాతో సంప్రదింపులు సాగుచున్న కాలమది. నవంబరులో వెలువడిన ప్రభుత్వపత్రము చదివినవారికి ఉద్యోగుల తప్పుడు నిర్ణయమే ప్రధానముగా కనబడెను. పూర్తి నివేదిక 1988 జనవరిలోగాని వెలికి రాలేదు. ముప్పది సంవత్సరములు! మంటలోనికి వంగిచూచి, ప్రాణములకు తెగించి ఆర్పినవారు అన్ని సంవత్సరములును ఆ మచ్చను మోసికొని తిరిగిరి.

ఇంకొక సంగతి. ఆ రియాక్టరులో యురేనియముతోబాటు, హైడ్రోజను బాంబునకు కావలసిన ట్రిటియము కొఱకు లిథియం మగ్నీషియముల మిశ్రలోహపు గొట్టములును ఉండెను. రాజ్యము తొందరపెట్టుచుండెను, యంత్రమును దాని తొలిరూపమునకు మించిన పనికి వాడుచుండిరి. మొదట అంటుకొన్నది యురేనియం గొట్టమా, లిథియం గొట్టమా? విచారణసంఘము మొదటిదానివైపు మొగ్గినది. తరువాతివారిలో కొందరు రెండవదానివైపు మొగ్గిరి. మొదటిది నిజమైనచో వేడిపెట్టిన చేయి ముందుకు వచ్చును. రెండవది నిజమైనచో అచట ఆ గొట్టములను పెట్టుమన్న ఆజ్ఞ ముందుకు వచ్చును. శాస్త్రవిషయమువలె కనబడు ఈ చిన్న సందేహములో నేరము ఎవరిదను ప్రశ్న దాగియున్నది. అందుచేతనే ఆ సందేహమును బహిరంగముగా చర్చింపనీయక పోవుట ఒక పక్షమునకు తీర్పు చెప్పినట్లే అయ్యెను.

ఇక అన్నిటికంటె విషాదకరమైన ఘటన. మరల ఐడహో మైదానమునకే పోవలెను. ఉత్తరధ్రువ ప్రాంతమున, మంచులో, మనుష్యసంచారము లేనిచోట నెలకొల్పు రాడారు స్థావరములకు వేడిని, విద్యుత్తును ఇచ్చుటకై అమెరికా సైన్యము ఒక చిన్న రియాక్టరును తయారుచేయించి అచట పరీక్షించుచుండెను. దాని పేరు ఎస్.ఎల్.-1. అది 1958 ఆగస్టులో పని ప్రారంభించినది. శక్తి కేవలము 3 మెగావాట్లు. సులభముగా విప్పి తీసికొనిపోవుటకు వీలుగా, తక్కువ కడ్డీలతో, తక్కువ సిబ్బందితో నడచునట్లు కల్పించిరి. కడ్డీలు ఐదే, నడిమి కడ్డీయొక్క బలము మిక్కిలి హెచ్చు. దానిని ఒక్కదానిని ఎత్తినను రియాక్టరు మేల్కొనగలదు.

1960 చివరకు ఆ రియాక్టరు ఆరోగ్యము బాగుగా లేదు. ఇంధనపు పలకలకు అంటించిన బోరాను పట్టీలు వంగి, శిథిలమై, ముక్కలు రాలిపోవుచుండెను. కడ్డీలు అప్పుడప్పుడు ఇరుకుకొని కదలకుండెడివి. క్రిస్మసు సెలవులకు డిసెంబరు 23వ తేదీన దానిని ఆపి మరమ్మతులు చేసిరి. 1961 జనవరి 3వ తేదీ రాత్రి, కడ్డీలను కదలించు యంత్రభాగములను మరల బిగించుటకై ముగ్గురు యువకులు పనిలోనుండిరి. ఇద్దరు సైనికదళమువారు, ఒకరు నావికాదళమువారు. ఆ రాత్రి ఆ ముగ్గురు తప్ప అచట వేరెవరును లేరు. వెలుపల గడ్డకట్టు చలి. బిగించు పనిలో భాగముగా నడిమి కడ్డీని చేతితో సుమారు 4 అంగుళములు ఎత్తవలెను.

రాత్రి 9 గంటల 1 నిమిషమునకు ప్రమాదఘంట మ్రోగెను. ఆ దినమున అంతకుముందు రెండుమార్లు ఆ ఘంట ఊరకే మ్రోగియుండుటచే, అగ్నిమాపకదళమువారు ఇదియు అట్టిదేయని వచ్చిరి. మంట లేదు, కేక లేదు. మెట్లెక్కుచుండగా వారి చేతిలోని రేడియోధార్మికతమాపకపు ముల్లు కొసకు పోయి ఆగినది. లోపలికి పోయినవారికి ఒకడు చనిపోయియు, ఒకడు కొనయూపిరితోను కనబడిరి. కొనయూపిరితోనున్న అతడును ఆ రాత్రియే మరణించెను. మూడవవాని దేహము పైకప్పున చిక్కుకొనియుండెను. అచట ఎవరును నిమిషముకంటె ఎక్కువ నిలువరాదు గనుక, ఆ దేహమును దించుటకు ఆరు దినములు పట్టినది. సీసము తాపడము చేసిన పెట్టెలలో వారిని సమాధి చేసిరి.

‘ఎట్లు’ అను ప్రశ్నకు విచారణాధికారులు సమాధానము వెదకిన తీరు మెచ్చదగినది. అది ఆవిరి ప్రేలుడా, రసాయనపు ప్రేలుడా, గొలుసు చర్యయా అని మొదట తేలవలెను. మృతుల వస్తువులలో ఒక సిగరెట్ లైటరులోని మరయు, చేతిగడియారపు బంగారు బకిలును ఉండెను. వాటిలోని రాగియు, బంగారమును న్యూట్రానుల తాకిడికి రేడియోధార్మికము లయియుండెను. న్యూట్రానులు పెల్లుబికిన చోటనేగాని అట్లు జరుగదు. గొలుసు చర్య జరిగినదని ఆ చిన్న వస్తువులే సాక్ష్యమిచ్చినవి. తరువాత యంత్రమును ముక్కముక్కగా విప్పిరి. నడిమి కడ్డీపైనున్న గీతలను బట్టి అది 4 అంగుళములు కాక సుమారు 20 అంగుళములు లేచియున్నదని తేలినది. సెకనులో సుమారు 4 వేయవవంతుల కాలములో శక్తి దాదాపు 20,000 మెగావాట్లకు ఎగసినది. నీరు ఆవిరియై, పైనున్న నీటిని సుత్తివలె మూతకు మోదినది. దాదాపు 12 టన్నుల బరువుగల పాత్ర తన గొట్టములను తెంపుకొని 9 అడుగులకు పైగా ఎగిరి, పైకప్పును తాకి, మరల తన చోటనే కూర్చుండెను. అది ఎగిరినదని చాలకాలము వరకు ఎవరును ఊహింపనైన లేదు.

ఇంత తెలిసినది. ఒక్కటి మాత్రము తెలియలేదు. 4 అంగుళములు ఎత్తవలసిన కడ్డీని 20 అంగుళములు ఎందుకు ఎత్తిరి?

కడ్డీ ఇరుకుకొనగా బలముగా గుంజినారనియు, అది ఒక్కసారిగా ఊడివచ్చినదనియు ఒక ఊహ. తక్కిన కడ్డీల చరిత్ర చూడగా ఇది సహజముగా తోచును. కాని నడిమి కడ్డీ తక్కినవాటికంటె మెరుగుగా కదలుచుండెడిదని రికార్డులు చెప్పుచున్నవి. కడ్డీ సులువుగా కదలుచున్నదో లేదో చూచుటకై పైకి క్రిందికి ఆడించియుందురని రెండవ ఊహ. ఎత్తి పట్టుకొన్నవాని ధ్యానము ఏదో శబ్దమునకో, మాటకో మళ్లినదని మూడవ ఊహ. అంత బరువును అంత వేగముగా మనుష్యుడు ఎత్తగలడా అని నమూనా యంత్రముపై పరీక్షించి చూడగా, ఎత్తగలడని మాత్రము తేలినది. సాధ్యమని తేలుట వేరు. జరిగినదని తేలుట వేరు.

నాలుగవది ఊహ కాదు, వదంతి. ముగ్గురిలో ఒకని సంసారము బాగులేదనియు, స్త్రీవిషయమై అసూయ యున్నదనియు, కావలెననియే కడ్డీని గుంజెననియు పుకారు పుట్టినది. దానికి సాక్ష్యము లేదు. అయినను అది నలువైపుల ప్రాకినది, పుస్తకములలోనికి ఎక్కినది, నేటికిని చెప్పుకొనబడుచున్నది. ఏల? నీరసమైన సత్యముకంటె రసవత్తరమైన అసత్యము నాలుకకు రుచి. అంతకంటె లోతైన కారణమొకటి కలదని మాకు తోచుచున్నది. ఒక మనుష్యుని దుర్బుద్ధియే కారణమైనచో యంత్రము నిర్దోషి యగును. యంత్రమును కల్పించినవారు, శిథిలమగుచున్న బోరాను పట్టీలను చూచియు నడపించినవారు, రాత్రివేళ ముగ్గురు యువకుల చేతికి ఆ పనిని అప్పగించి పోయినవారు, అందరును నిశ్చింతగా నిద్రింపవచ్చును. చనిపోయినవాడు లేచి వచ్చి కాదని చెప్పజాలడు. అతని భార్యయు, తలిదండ్రులును చెప్పినచో వినువారు లేరు.

అచ్చముగా ఈ కారణముచేతనే, విచారణసంఘమువారు చేసిన పనిని మేము గౌరవించుచున్నాము. ఆ కడ్డీ పైకి లేచిన కారణమును నిశ్చయముగా చెప్పలేమని వారు వ్రాసిరి. అంతటితో ఆగక, కారణము తెలియకయే దిద్దుకొనవలసినది ఏదియో చెప్పిరి. ఒక్క కడ్డీని ఒక్క మనుష్యుడు చేతితో ఎత్తినంతమాత్రమున ప్రళయము వచ్చునట్లు యంత్రమును నిర్మించుటయే దోషము. అట్టి ప్రమాదము సాధ్యమని ఎవరికిని తెలియదా? తెలియును. అదే ఐడహో కేంద్రములో 1954 జూలై 22వ తేదీన బొరాక్స్ అను పరీక్షారియాక్టరునందు నడిమి కడ్డీని కావలెననియే విసరివేయించి, అది తునాతునుకలగుట దూరమునుండి చూచియుండిరి. ఎదురుచూచినదానికంటె ప్రేలుడు పెద్దదిగానే వచ్చెను. ఆరున్నర సంవత్సరముల తరువాత, అదే మైదానములో, అట్టి కడ్డీయే ముగ్గురు మనుష్యుల చేతిక్రింద నుండెను.

ఎస్.ఎల్.-1 తరువాత కట్టిన రియాక్టరులకు ఒక నియమము స్థిరపడినది. మిక్కిలి బలమైన కడ్డీ ఒకటి పూర్తిగా పైన చిక్కుకొన్నను, తక్కిన కడ్డీలతో రియాక్టరు ఆగియుండవలెను. ఈ నియమము వెనుక ఒక వివేకమున్నది. ఆ మూడవ జనవరి రాత్రి చేయి జారినదా, తొందరపడినదా, కోపముతో లేచినదా అను ప్రశ్నకు సమాధానము దొరకనవసరము లేదు. ఏది నిజమైనను, ఇకమీద ఆ చేయి అంతటి కీడు చేయజాలదు. ఊహలలో ఒకదానిని ఎంచుకొని దానికి మాత్రము మందువేసినచో, తక్కిన మూడు త్రోవలును తెరచియే యుండెడివి.

అయినను ఈ పాఠమును అందరును నేర్చిరని చెప్పుటకు వీలులేదు. 1986 ఏప్రిల్ 26వ తేదీన సోవియట్ యూనియనులోని చెర్నోబిల్‌లో రియాక్టరు ప్రేలినపుడు, ఆ ఆగస్టులో వియన్నాలో సోవియట్ ప్రతినిధులు చెప్పిన వృత్తాంతములో నేరభారము ఎక్కువగా ఉద్యోగులపైననే మోపబడినది. వారిలో కొందరు అప్పటికే మరణించియుండిరి. 1992లో అంతర్జాతీయ అణుశక్తిసంస్థ సలహాసంఘము ఆ అభిప్రాయమును సవరించినది. ఆ రియాక్టరు కల్పనలోనే, ముఖ్యముగా ఆపుటకై దించు కడ్డీల నిర్మాణములోనే, పెద్ద దోషమున్నదని, ఆ సంగతిని ఉద్యోగులకు సరిగా తెలుపలేదని వెల్లడించినది. ఆపుటకు దించిన కడ్డీ తొలిక్షణములో చర్యను హెచ్చింపగలదని తెలియనివాడు, ఆపు మీటను నొక్కి తప్పు చేసెనని అనుట ఎట్లు?

చాక్ రివర్ ఉద్యోగులు బ్రతికియుండిరి. వారి మాట వినబడినది. విండ్‌స్కేల్ ఉద్యోగులు బ్రతికియే యున్నను, వారికి అనుకూలమైన మాటలు ముప్పది సంవత్సరములు పెట్టెలో తాళము క్రింద నుండెను. ఎస్.ఎల్.-1 యువకులకు మాటయే లేదు. మూడు చోట్లను ప్రమాదముయొక్క ‘ఎట్లు’ దాదాపు ఒకే స్పష్టతతో తెలిసినది. ‘ఎందుకు’ అనునది మాత్రము ఎవరికి నోరున్నదో, ఎవరి చేతిలో తాళపుచెవి యున్నదో దానినిబట్టి మారినది.

రైలుపట్టాలు తప్పినను, వంతెన కూలినను, కర్మాగారములో ఆవిరిపాత్ర ప్రేలినను, మరునాడు వార్తలలో ‘మానవతప్పిదము’ అను మాట తఱచుగా వినబడును. అట్లు విన్నపుడు మన శ్రోతలు రెండు సంగతులు విచారించుట మంచిది. ఆ తప్పిదము చేసినట్లు చెప్పబడిన మనుష్యుడు సమాధానమిచ్చుటకు బ్రతికియున్నాడా? అతని స్థానములో వేరొకడున్నచో ఆ యంత్రము అతనిచేతను అదే పని చేయించియుండెడిది కాదా? ఈ రెండింటికిని జవాబు దొరకు వరకు తీర్పును వాయిదా వేయవచ్చును. ఐడహో విచారణసంఘమువారు మూడు కుటుంబముల దుఃఖము ఎదుట, పై అధికారుల ఒత్తిడి నడుమ, తమకు తెలియదని వ్రాయగలిగిరి. ఇంట కూర్చుండి రేడియో వినుచున్న మనకు అంతటి కష్టము లేదు గదా!